హోల్టర్ పరీక్ష: అమర్చిన తీరు బాగుంది, డైరీ కాగితం బాగా లేదు

డెబ్బై దాటిన మా అమ్మకు నాలుగు నెలలుగా ఉన్నట్టుండి గుండె దడ వచ్చి, రెండు నిమిషాల్లో తగ్గిపోతుండేది. ఆసుపత్రికి చేరి ఈసీజీ తీయించే సరికి అంతా మామూలుగానే కనిపించేది. ఆ కాగితం మీద పడేది కొన్ని సెకన్ల గుండె నడకే కాబట్టి, 24 గంటలూ నమోదు చేసే హోల్టర్ పరీక్ష చేయించమని డాక్టరుగారు రాసిచ్చారు.

మేము వెళ్లిన డయాగ్నస్టిక్ సెంటరులో మహిళా టెక్నీషియన్ ఉండటం అమ్మకు పెద్ద ఊరట. ఆమె స్పిరిట్‌తో చర్మం తుడిచి, ఛాతీ మీద ఐదు జిగురు బిళ్లలు అంటించి, తీగలు లాగినా ఊడకుండా టేపు వేసి, చిన్న పెట్టెను నడుముకు కట్టారు. నార్మన్ హోల్టర్ అనే అమెరికా శాస్త్రవేత్త మొదట తయారు చేసిన పరికరం దాదాపు 38 కిలోల బరువుతో వీపున మోయవలసి వచ్చేదట. అమ్మ కట్టుకున్నది సెల్‌ఫోనంత బరువు కూడా లేదు. ఆ రోజుకు స్నానం లేదు. ముందు హుక్కుల జాకెట్టు వేసుకోవడం మంచిదైంది. మెట్లెక్కడం, వంట చేయడం ఏదీ మానవద్దని, రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండాలని ఆమె ఓపికగా చెప్పారు.

లోపమంతా డైరీ దగ్గరే. ఎప్పుడు దడ వచ్చింది, అప్పుడు ఏం చేస్తున్నారు అన్నది రాయకపోతే, లక్ష గుండె చప్పుళ్ల నమోదులో ఏది అమ్మ బాధకు సంబంధించినదో తేల్చడం కష్టం. అంత ముఖ్యమైన కాగితాన్ని ఇంగ్లీషులో అచ్చువేసి, ఒక్క మాటా వివరించకుండా చేతిలో పెట్టారు. తెలుగు తప్ప చదవలేని మనిషి దాన్ని ఏం చేసుకోవాలి? మేము నోటుపుస్తకంలో గళ్లు గీసుకుని, ఇంటి గడియారాన్ని పెట్టెలోని సమయానికి సరిచేసుకుని, అమ్మ చేతే తెలుగులో రాయించాము. మధ్యాహ్నం 3.40కి బకెట్టు ఎత్తుతుండగా ఒకసారి, రాత్రి 2.10కి నిద్రలో మెలకువ వచ్చి మరోసారి దడ వచ్చింది.

మర్నాడు అమ్మ రాసిన కాగితాన్ని రిపోర్టుతో జతచేయడానికి సెంటరువారు ఇష్టపడలేదు, నేను పట్టుబట్టాను. డాక్టరుగారు ముందు చూసింది దాన్నే. ఆ రెండు సమయాల్లోనూ గుండె పైగదుల నుంచి అదనపు చప్పుళ్లు వరుసగా వచ్చాయని గీతల్లో చూపించారు. నెలకోసారి మాత్రమే దడ వచ్చేవారికి ఒక్క రోజు నమోదు చాలకపోవచ్చని, వారికి ఎక్కువ రోజులు పెట్టుకునే పరికరాలున్నాయని కూడా చెప్పారు.

అమర్చిన తీరుకోసం అదే సెంటరుకు మళ్లీ వెళతాను. తెలుగు డైరీ అచ్చువేయమని వారి సలహాల పుస్తకంలో రాసి వచ్చాను.