ఐరిష్ వంశవృక్షం కోసం ఆన్‌లైన్ రికార్డులు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

"ఐర్లండ్ రికార్డులన్నీ 1922లో తగలబడిపోయాయి, ఇంకేం వెతుకుతావు?" అని మా ఆయన తరఫు బంధువులే నన్ను నీరుగార్చారు. మేముండేది కార్క్‌లో. అత్తింటివారి మూలం ఆ కౌంటీకి పడమటి కొసన, బేరా ద్వీపకల్పంలో. వాళ్ల వంశవృక్షం గీసే పని ఎలాగో తెలుగు కోడలి నెత్తిన పడింది. ఇన్నేళ్లు ఈ సైట్లన్నిట్లో తిరిగాక నాకు తేలిందేమిటంటే, కాలిపోయింది చాలానే ఉంది కానీ, మామూలు రైతు కుటుంబానికి కావలసినవి చాలామటుకు మిగిలాయి. వాటిలో ఎక్కువ భాగం పైసా ఖర్చు లేకుండా ఇంట్లో కూర్చుని చూడొచ్చు. డబ్బు కట్టే సైట్లు ఆఖర్న చూసుకోవచ్చు.

ముందు ఆ మంట సంగతి. అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, 1922 జూన్ 30న, డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల ఆవరణలో ఉన్న పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలి కాలిపోయింది. 1821 నుంచి 1851 దాకా జరిగిన నాలుగు జనగణనల కాగితాలు, వీలునామాలు, చర్చ్ ఆఫ్ ఐర్లండ్ అనే ప్రొటెస్టెంట్ చర్చి రిజిస్టర్లలో సగానికి పైగా అందులో పోయాయి. 1861, 1871 జనగణన పత్రాలను మాత్రం ప్రభుత్వమే అంతకుముందే నాశనం చేసింది. 1881, 1891వి మొదటి ప్రపంచయుద్ధం నాటి కాగితం కరువులో గుజ్జయిపోయాయి. నాకు మంట కన్నా ఈ గుజ్జు సంగతి తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది. క్యాథలిక్ చర్చి రిజిస్టర్లు ఎక్కడి పారిష్‌లో (ఒక చర్చి కింది ఊళ్లు) అక్కడే ఉండబట్టి బతికిపోయాయి. జనన మరణాల రిజిస్టర్లు కూడా ఆ భవనంలో లేవు.

నేను ఎక్కువగా వాడేది, మార్కులు ఎక్కువ వేసేది ప్రభుత్వం నడిపే ఐరిష్ జీనియాలజీ డాట్ ఐఈ. ఐర్లండ్‌లో అందరి జననాలు, పెళ్లిళ్లు, మరణాల నమోదు 1864లో మొదలైంది. క్యాథలిక్‌లు కానివారి పెళ్లిళ్లు మాత్రం 1845 నుంచే రాశారు. నూరేళ్లు దాటిన జననాలు, 75 ఏళ్లు దాటిన పెళ్లిళ్లు, 50 ఏళ్లు దాటిన మరణాలు ఈ సైట్‌లో చూడొచ్చు, అదీ అసలు రిజిస్టర్ పేజీ బొమ్మతో సహా, ఉచితంగా. వెతికే ముందు మన పేరు టైపు చేసి, చట్టం ప్రకారం అర్జీ పెట్టుకుంటున్నట్టు ఒక గడిలో టిక్కు పెట్టాలి. అదొక్కటే విసుగు. కౌంటీ పేరు పట్టుకుని వెతికితే మాత్రం దారి తప్పుతారు. ఇక్కడ రిజిస్ట్రేషన్ జిల్లాలు పూర్ లా యూనియన్‌లను (పేదల సాయం కోసం చట్టం గీసిన ప్రాంతాలు) బట్టి గీసినవి, కొన్ని కౌంటీ సరిహద్దు దాటి పోతాయి. చర్చి లెక్కలైతే ఇంకో తీరు. మా బేరా పేరుకు కార్క్ కౌంటీయే, కానీ డయోసిస్, అంటే బిషప్ కింది చర్చి ప్రాంతం, కెర్రీ. అందుకని మా వాళ్ల బాప్టిజాలు ఇదే సైట్‌లో కెర్రీ కింద ఉన్నాయి.

సూచీలో పేరు కనబడగానే రాసుకుని వచ్చేయకండి, పేజీ తెరిచి ప్రతి గడీ చదవండి. 1911 జనగణనలో పెళ్లయిన ఆడవాళ్ల ఎదురుగా ఎన్నేళ్ల కాపురం, ఎంతమంది పుట్టారు, ఎంతమంది బతికున్నారు అనే మూడు గడులు ఉంటాయి. మా ఆయన ముత్తవ్వ వరసలో పుట్టింది 11, ఉన్నది 8 అని రాసి ఉంది. ఆ ముగ్గురి సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, అత్తగారు కూడా ఎప్పుడూ వినలేదట. మరణాల రిజిస్టర్‌లో కూర్చుంటే ఇద్దరు ఒకే నెలలో దొరికారు. జబ్బు గడిలో కోరింత దగ్గు, వైద్యుడు చూడలేదు అని ఉంది. చావు దగ్గరున్నది నాయనమ్మ. సంతకం చోట ఆమె పెట్టిన ఇంటూ గుర్తు, దాని పక్కన రిజిస్ట్రార్ రాసిన ఆమె పేరు. ఆ నాయనమ్మ అప్పటికి బతికే ఉందని నాకు ఆ కాగితమే చెప్పింది. సూచీలో అయితే చచ్చిపోయిన పిల్ల పేరు, వయసు తప్ప ఇంకేం కనిపించవు. మూడో బిడ్డ ఇంకా దొరకలేదు.

1901, 1911 జనగణనలు నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితం. ఇంటి యజమాని చేత్తో నింపిన కాగితమే చూడొచ్చు. చాలామంది మనుషుల పట్టిక చూసి ఆగిపోతారు, వెనక ఇంటి వివరాల ఫారాలు కూడా తెరవండి. గోడలు రాయా మట్టా, కప్పు గడ్డా పలకా, ముందువైపు కిటికీలు ఎన్ని, గొడ్ల కొట్టం ఉందా, పందుల దొడ్డి, కోళ్ల గూడు, బంగాళాదుంపల కొట్టు ఉన్నాయా, అన్నీ రాశారు. వయసులు మాత్రం నమ్మకండి. పదేళ్లలో పదిహేనేళ్లు పెరిగిన ముసలివాళ్లు ఊరూరా కనిపిస్తారు. 1908లో వచ్చిన చట్టం 70 దాటినవాళ్లకు పింఛను ఇచ్చింది మరి! 1864కు ముందు పుట్టినవాళ్లకు జనన ధ్రువీకరణ ఉండదు కాబట్టి, వయసు తేల్చడానికి పింఛను అధికారులు 1841, 1851 జనగణన కాగితాలు తీయించి చూసేవారు. అలా వెతికించిన ఫారాలు ఇప్పుడు నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆన్‌లైన్‌లో ఉన్నాయి. కాలిపోయిన కాగితంలోని కొన్ని వరుసలు ముసలివాళ్ల పింఛను పుణ్యమా అని మిగిలాయన్నమాట. 1926 ఏప్రిల్ 18న జరిగిన జనగణనను నూరేళ్ల దాకా బయటపెట్టకూడదని నియమం, ఆ గడువు 2026 ఏప్రిల్ దాకా.

1864కు వెనక్కి వెళ్లాలంటే పేరుతో పని జరగదు, టౌన్‌ల్యాండ్ తెలియాలి. దేశంలో 60 వేల పైచిలుకు ఉన్న అతి చిన్న భూభాగాలివి. బేరాలో సలివన్ అని పేరు కొట్టి చూడండి, మీకే తెలుస్తుంది. ఒకే టౌన్‌ల్యాండ్‌లో ముగ్గురు డెనిస్ సలివన్‌లు ఉంటే, గ్రిఫిత్ వాల్యుయేషన్‌లో ఒకడి పక్కన బ్రాకెట్లో తండ్రి పేరు రాసి విడదీశారు. 1847 నుంచి 1864 దాకా పన్ను వేయడానికి తయారైన ఈ లెక్క ఆస్క్ అబౌట్ ఐర్లండ్ సైట్‌లో మ్యాప్‌తో సహా ఉచితం. మొదటి గడిలో అంకె భూమికి, పక్కనున్న చిన్న అక్షరం ఇంటికి. ఆ గుర్తును మ్యాప్ మీద వెతికితే ఇల్లున్న చోటు తెలుస్తుంది. అయితే ఆ సైట్‌లోని మ్యాపులు చాలాచోట్ల తరవాతి కాలంలో దిద్దినవి, నంబర్లు ఒక్కోసారి కలవవు. ఇంకో సాయం పేర్లు పెట్టే ఆనవాయితీ. పెద్దకొడుక్కి నాన్న నాన్న పేరు, రెండోవాడికి అమ్మ నాన్న పేరు. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకి ఇది వెంటనే తలకెక్కుతుంది, నేనైతే సగం చిక్కుముళ్లు దీంతోనే విప్పాను. దీన్ని రుజువు అనుకోకూడదు, ఎటు వెతకాలో చెబుతుంది, అంతే.

నేషనల్ లైబ్రరీ 2015లో క్యాథలిక్ పారిష్ రిజిస్టర్ల మైక్రోఫిల్ములు పెట్టింది, చాలామటుకు 1880 దాకా. ఓపిక ఉన్నవాళ్లకే. సైట్‌లో పేరుతో వెతికే వీల్లేదు; మ్యాప్‌లో పారిష్ నొక్కి, సంవత్సరం, నెల ఎంచుకుని పేజీలు తిప్పాలి. రాత చాలాచోట్ల లాటిన్‌లో, జేమ్స్ జాకోబస్ అవుతాడు, విలియం గులియెల్మస్ అవుతాడు. బాప్టిజం తేదీ, ప్రభుత్వ రిజిస్టర్‌లోని పుట్టిన తేదీ కన్నా ముందుంటే కంగారు పడకండి. ఆలస్యంగా నమోదు చేస్తే జరిమానా కాబట్టి, పుట్టినరోజును అసలు రోజు కన్నా తరవాతి తేదీగా చెప్పినవాళ్లు బోలెడు. నేను చర్చి తేదీనే నమ్ముతాను.

ఈ రిజిస్టర్లకు ఫైండ్‌మైపాస్ట్, యాన్సెస్ట్రీ 2016లో సూచీ కట్టాయి. దాంతో పేజీ నంబరు తెలుసుకుని, లైబ్రరీ సైట్‌లో బొమ్మ చదువుకోవడం నా పద్ధతి. రూట్స్ ఐర్లండ్ చందా సైటే గానీ, కౌంటీ కేంద్రాలు ఎక్కించిన పాఠం బాగుంటుంది. పేజీ బొమ్మలు మాత్రం ఆశించకండి. మీ పారిష్‌వి ఏయే ఏళ్లవి ఉన్నాయో డబ్బు కట్టకముందే జాబితాలో కనబడుతుంది, చూసుకుని ఒక్క నెలకే కట్టండి. ఇంకో చందా సైట్, పేరు అనవసరం, నేను ఆపమన్నాక కూడా ఇంకో ఏడాదికి కార్డు మీద గీకేసింది. తిరిగి రాబట్టుకునే సరికి ప్రాణం విసిగింది. అప్పటి నుంచి కట్టిన రోజే ఆటో రెన్యువల్ తీసేస్తున్నాను.

ఉత్తర ఐర్లండ్ వాళ్లకు ఇందులో కొంత వర్తించదు. అక్కడ 1921 తరవాత జరిగిన జనన, వివాహ, మరణాల పేజీలు చూడాలంటే వాళ్ల రిజిస్టర్ ఆఫీసు సైట్‌లో క్రెడిట్లు కొనాలి. కానీ బెల్‌ఫాస్ట్‌లోని ప్రభుత్వ రికార్డుల ఆఫీసు ప్రోని సైట్‌లో 1864 నుంచి 1933 దాకా వాల్యుయేషన్ పుస్తకాలు ఉచితం. ఇంటి మీద ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు ఏ ఏడు రాశారో వాటిలో కనిపిస్తుంది. పెద్దాయన ఇంచుమించు ఎప్పుడు పోయాడో అక్కడ అంచనా కట్టుకుని, ఆ తరవాత క్రెడిట్లు కొనండి.