సేఫ్ మోడ్‌లో మాత్రమే నడిచిన కంప్యూటర్: ఏడేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

తెనాలిలో మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, స్కూలు ప్రశ్నపత్రాలు, దశదినకర్మ కార్డులు చేస్తాం. 2018 దసరాకు అసెంబుల్ చేయించుకున్న కంప్యూటరే ఇప్పటికీ నడుస్తోంది. ఏడో తరం ఐ3 ప్రాసెసర్, అప్పట్లో 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఈ ఏడేళ్లలో అది రెండుసార్లు గట్టిగా మొరాయించింది. రెండుసార్లూ నన్ను ఒడ్డున పడేసింది విండోస్‌లోనే ఉచితంగా ఉండే సేఫ్ మోడ్, అంటే తప్పనిసరైన వాటితో మాత్రమే విండోస్‌ను నడిపే పద్ధతి. దాని గురించి వాడినవాళ్ల అనుభవంగా మన భాషలో ఎవరైనా రాస్తే బాగుండు అని చాలాసార్లు అనుకున్నాను. చివరికి నేనే రాస్తున్నాను.

2020 ఫిబ్రవరి. మాఘమాసం పెళ్లిళ్లు జోరు మీదున్నాయి. ఒకరోజు పొద్దున్నే షాపు తీసి కంప్యూటర్ ఆన్ చేస్తే డెస్క్‌టాప్ దాకా వచ్చింది, అక్కడితో సరి. స్టార్ట్ బటన్ నొక్కితే తెరుచుకోదు. ఫోల్డర్ మీద డబుల్ క్లిక్ చేస్తే బాణం గుర్తు పక్కన నీలం రింగు తిరుగుతూనే ఉంటుంది. క్యాబినెట్ ముందుండే చిన్న ఎర్ర డిస్కు లైటు మామూలుగా మినుకు మినుకుమంటుంది. ఆ రోజు ఒక్క క్షణం కూడా ఆరకుండా వెలుగుతూనే ఉంది. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. అందులో డిస్క్ గడిలో 100 శాతం, అంటే డిస్కుకు ఊపిరాడనంత పని.

ఎదురుగా కుర్చీలో పెళ్లికూతురి నాన్నగారు. "ఏమ్మా, పొద్దున్నే ప్రూఫ్ చూపిస్తానన్నావుగా, మధ్యాహ్నానికల్లా విజయవాడ ప్రెస్సుకు పంపాలి" అంటున్నారు. ఆయన కార్డు నేను రాత్రి డెస్క్‌టాప్ మీదే సేవ్ చేసి వెళ్లాను. నాకు చెమటలు పట్టేశాయి.

మాకు కంప్యూటర్లు చూసిపెట్టే కుర్రాడికి ఫోన్ చేశాను. "ఫార్మాట్ కొట్టేద్దాం అక్కా, రెండు గంటల పని" అన్నాడు. మంచి కుర్రాడే, అతన్ని తప్పుపట్టడం లేదు. కంప్యూటర్ నెమ్మదించిందంటే మా దగ్గర ఎవరిని అడిగినా చెప్పే మందు ఇదే: విండోస్ ఉండే సి డ్రైవ్‌ను చెరిపి, మళ్లీ కొత్తగా ఎక్కించడం. విండోస్ ఎక్కించడానికి రెండు గంటలు సరిపోతాయి, నిజమే. తర్వాత పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అనూ ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు, ఏళ్ల తరబడి సర్దుకున్న సెట్టింగులు మళ్లీ నిలబెట్టుకోవడానికి రెండు రోజులు పడుతుంది. పైగా డెస్క్‌టాప్ మీదా, డాక్యుమెంట్స్‌లోనూ పెట్టినవన్నీ సి డ్రైవ్‌తో పాటే పోతాయి. ఏది పోయిందో పది రోజుల తర్వాత పాత కస్టమర్ వచ్చి అడిగినప్పుడు గానీ తెలియదు.

అందుకని ముందు సేఫ్ మోడ్ చూద్దామనుకున్నాను. వెనకటి విండోస్‌లో ఆన్ అవుతుండగా ఎఫ్8 నొక్కితే వచ్చేది. విండోస్ 10లో ఆ దారి మామూలుగా మూసి ఉంటుంది. లాగిన్ తెర దాకా వస్తే, షిఫ్ట్ బటన్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ కొట్టాలి. అదీ కుదరకపోతే విండోస్ లోడ్ అవుతుండగా పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయాలి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే రిపేర్ తెర దానంతట అదే వస్తుంది. అక్కడి నుంచి ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. మళ్లీ ఆన్ అయ్యాక నంబర్లతో ఒక జాబితా వస్తుంది. 4 నొక్కితే సేఫ్ మోడ్, 5 నొక్కితే నెట్‌తో కూడిన సేఫ్ మోడ్.

4 నొక్కాను. పిన్ తీసుకోలేదు, అసలు పాస్‌వర్డే కావాలంది. ఏడాదిగా పిన్‌తోనే లోపలికి వెళ్తున్నదాన్ని, పాస్‌వర్డ్ ఎక్కడ గుర్తుంటుంది? పద్దుల పుస్తకం చివరి పేజీలో ఎప్పుడో రాసిపెట్టుకున్నాను కాబట్టి బతికిపోయాను. ఆ ఏడాది మే నెలలో వచ్చిన విండోస్ 10 "2004" వెర్షన్ (అది పేరే, సంవత్సరం కాదు) నుంచి సేఫ్ మోడ్‌లో కూడా పిన్ పనిచేస్తోంది.

నల్లటి తెర, నాలుగు మూలల్లో తెల్లని అక్షరాలు, పెద్ద పెద్దగా ఐకాన్లు. ఫోల్డర్ మీద డబుల్ క్లిక్ చేస్తే టక్కున తెరుచుకుంది. ఆ క్షణంలో కలిగిన ఊరట ఇప్పటికీ గుర్తుంది. ముందు అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నాను. పేజ్‌మేకర్‌లో కార్డు తెరిచి పెద్దాయనకు తెర మీదే ప్రూఫ్ చూపించాను. వరుడి తాతగారి పేరులో ఒక ఒత్తు తప్పుంటే అక్కడే దిద్దించారు. ప్రింటు తీయడం మాత్రం కుదరలేదు, ఎందుకంటే పనులను ప్రింటరుకు పంపే ప్రింట్ స్పూలర్ సేఫ్ మోడ్‌లో నడవదు. రెండు వీధుల అవతల ఇంకో డీటీపీ షాపు వాళ్లు నన్ను ఆదుకున్నారు.

సేఫ్ మోడ్‌లో నిక్షేపంగా నడిచింది కదా, దాన్ని బట్టి ఏం తెలుస్తుంది? సేఫ్ మోడ్‌లో విండోస్ తనకు తప్పనిసరైన డ్రైవర్లను (పరికరాలను నడిపించే ప్రోగ్రాములు), సర్వీసులను (తెర వెనక నడిచే ప్రోగ్రాములు) మాత్రమే లేపుతుంది. కీబోర్డు, మౌసు, డిస్కు, మామూలు డిస్‌ప్లే, అంతే. బయటి కంపెనీల సర్వీసులు, స్టార్టప్‌లో చేరి కూర్చున్న ప్రోగ్రాములు పక్కకు తప్పుకుంటాయి. అదే డిస్కు, అదే ర్యామ్, అదే విండోస్ ఇక్కడ చకచకా నడుస్తున్నాయంటే వాటిని అనుమానించాల్సిన పని దాదాపు తీరినట్టే. మనం తర్వాత ఎక్కించిన వాటిలోనే ఏదో ఒకటి గొంతు పట్టుకుంటోందన్న మాట. ఇది తెలిశాక ఫార్మాట్ మాట పక్కన పెట్టేశాను.

రాత్రి షాపు మూశాక వెతకడం మొదలుపెట్టాను. రన్ బాక్సులో ఎంఎస్‌కాన్ఫిగ్ (msconfig) అని కొడితే ఒక చిన్న కిటికీ వస్తుంది. సర్వీసెస్ ట్యాబ్‌లో "హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ సర్వీసెస్" దగ్గర టిక్ పెట్టాలి. ఈ టిక్ మర్చిపోతే విండోస్ సొంత సర్వీసులు కూడా ఆగిపోయి కొత్త తలనొప్పి వస్తుంది, జాగ్రత్త. మిగిలిన వాటికి టిక్కులన్నీ తీసేసి, టాస్క్ మేనేజర్ స్టార్టప్‌లోవి కూడా ఆపేసి, మామూలుగా రీస్టార్ట్ చేయాలి. దీన్నే క్లీన్ బూట్ అంటారు. అప్పుడు బాగా నడిస్తే సగం సర్వీసులకు టిక్ పెట్టి చూడాలి, తర్వాత అందులో సగం. పదహారు ఉన్నా నాలుగైదు రీస్టార్టులతో దొంగ దొరుకుతుంది.

నాకు అన్ని రీస్టార్టులు అక్కర్లేకపోయింది. టిక్కులు తీసి అప్లై కొట్టగానే కొన్ని సర్వీసులను మార్చడానికి అనుమతి లేదని మెసేజ్ వచ్చింది. తిరిగి చూస్తే రెండింటికి టిక్కులు అలాగే ఉన్నాయి. రెండూ యాంటీవైరస్‌లవే, వేర్వేరు కంపెనీలవి! ఒకటి కంప్యూటర్ కొన్నప్పుడు తీసుకున్నది, దాని ఏడాది గడువు ఎప్పుడో తీరింది. ఇంకోటి నాలుగు రోజుల కిందట ఒక పెన్‌డ్రైవ్‌లో వైరస్ ఉందని భయపడి నేనే వేయించుకున్న ఉచితం. గడువు తీరినదాన్ని తీయకుండా దాని మీదే ఇది ఎక్కింది. ఏ ఫైలు తెరిచినా ఇద్దరు కాపలావాళ్లూ ఆపి తనిఖీ చేయాల్సిందే. ఒకరు ఫైలు ముట్టుకుంటే దాన్ని రెండోవారు మళ్లీ తనిఖీ చేస్తారు. పాత హార్డ్ డిస్క్ ఈ తాకిడికి ఎక్కడ తట్టుకుంటుంది? రెండు యాంటీవైరస్‌లు ఉంటే రెట్టింపు రక్షణ అనుకునేవాళ్లు మా షాపుకు ఇప్పటికీ వస్తుంటారు. ఒక్కటి చాలు, దయచేసి రెండోది పెట్టకండి.

తీసేయడం కూడా అంత తేలిగ్గా జరగలేదు. సేఫ్ మోడ్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీసు మామూలుగా నడవదు కాబట్టి దాని మీద ఆధారపడే ప్రోగ్రాములు అన్‌ఇన్‌స్టాల్ కావు. యాంటీవైరస్ కంపెనీలు చాలావరకు తమ సరుకును పూర్తిగా తీసేయడానికి విడిగా ఒక చిన్న టూల్ ఇస్తాయి. 5 నొక్కి నెట్‌తో ఉన్న సేఫ్ మోడ్‌లోకి వెళ్లి వాటిని దించుకున్నాను. నా వైఫై డాంగిల్ అందులో పనిచేయలేదు, లాన్ కేబుల్ పెడితే వచ్చింది. రెండూ తీసేసి మామూలుగా రీస్టార్ట్ చేస్తే ఎర్ర లైటు మళ్లీ మినుకుమంది. విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ దానంతట అదే మేల్కొంది. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా అదొక్కటే వాడుతున్నాను.

ఇక్కడ ఇంకో మాట. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం, రీస్టార్ట్ చేయడం రెండూ ఒకటే అనుకునేదాన్ని. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ లోపలి భాగాన్ని డిస్కులో దాచి, మళ్లీ దాన్నే లేపుతుంది. డ్రైవర్లు మొదటి నుంచి రావు. అందుకే ఏ మార్పు చేసినా రీస్టార్టే కొట్టాలి.

రెండోసారి 2022లో. లక్షణాలు చూస్తే అచ్చం అవే. ఈసారి ధీమాగా సేఫ్ మోడ్‌లోకి వెళ్లాను. అక్కడా అదే నత్తనడక, ఫోల్డర్ తెరుచుకోవడానికి నిమిషాలు. చెవి దగ్గర పెడితే డిస్కులోంచి టిక్, టిక్ అని సన్నటి శబ్దం. సేఫ్ మోడ్‌లోనూ నెమ్మదిగా ఉంటే చూపు డిస్కు, ర్యామ్ లాంటి లోపలి వస్తువుల వైపు తిప్పాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత టూల్ డిస్కు ఆరోగ్యం దగ్గర పసుపు రంగులో హెచ్చరిక చూపించింది. ఇలాంటప్పుడు చాలామంది వెంటనే డిస్కులో తప్పులు వెతికే చెక్‌డిస్క్ నడిపిస్తారు. చావుబతుకుల్లో ఉన్న డిస్కును గంటల తరబడి గీకించడం నాకు మంచిదనిపించలేదు. ముందు కస్టమర్ల ఫైళ్లు, తర్వాత ఇంటి ఫోటోలు, ముఖ్యమైనవి ముందుగా బయటి డిస్కులోకి తీసుకున్నాను. పాత డిస్కు స్థానంలో వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ వేయించి ర్యామ్ 8 జీబీ చేయించాం. మూడు నాలుగు నిమిషాలు పట్టే బూటింగ్ ఇరవై సెకన్లకు దిగింది.

2024 జులై 19న ప్రపంచమంతా ఇలాగే సేఫ్ మోడ్ తలుపు తట్టాల్సి వచ్చింది. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫోటో మనవాళ్లంతా చూసే ఉంటారు. ఆ కంప్యూటర్లను బాగుచేయడానికి చెప్పిన ఒక పద్ధతి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, తప్పుడు ఫైలు ఒక్కటి చెరిపి, రీస్టార్ట్ చేయడం. విండోస్ 95 కాలం నుంచి ఉన్న సదుపాయం ఇంత పెద్ద ఆపదలో పనికొచ్చిందని చదివి నాకు సంతోషమేసింది.

ఇక లోపాలు. సౌండ్ ఉండదు, ప్రింటు రాదు, తెర మొరటుగా ఉంటుంది. కాబట్టి అందులోనే రోజులు గడపొద్దు, కనుక్కోవలసింది కనుక్కుని బయటికి వచ్చేయాలి. ఎంఎస్‌కాన్ఫిగ్‌లో సేఫ్ బూట్ అనే టిక్ ఉంటుంది. అది పెడితే మనం తీసేదాకా ప్రతిసారీ సేఫ్ మోడ్‌లోకే వెళ్తుంది, పిన్ తీసుకోని పాత వెర్షన్ అయితే పాస్‌వర్డ్ గుర్తులేక లోపలికి పోలేక ఇరుక్కుంటాం. నేను షిఫ్ట్ రీస్టార్ట్ దారినే నమ్ముకున్నాను. విండోస్‌ను వెనకటి తేదీ స్థితికి తీసుకెళ్లే సిస్టమ్ రీస్టోర్ కూడా ఉంది గానీ ముందుగా ఆన్ చేసి పెట్టుకుంటేనే ఉపయోగం, పైగా సేఫ్ మోడ్‌లోంచి చేస్తే దాన్ని వెనక్కి తిప్పలేం.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు ముగిసింది. ఏడో తరం ప్రాసెసర్ కాబట్టి మా కంప్యూటర్‌కు విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, ఇక కొత్తది కొనాల్సిందే. విండోస్ 11లోనూ సేఫ్ మోడ్‌కు దారి ఇదే. తేడా మాత్రం ఒకటుంది, గత నెల మా అక్క కూతురు లాప్‌టాప్‌తో తెలిసింది. డిస్‌ప్లే డ్రైవర్ అప్‌డేట్ అయ్యాక తెర నల్లగా అయిపోయి, ఏడుపు ముఖంతో పట్టుకొచ్చింది. "పిన్నీ, ప్రాజెక్టు మొత్తం ఇందులోనే ఉంది" అంది. సేఫ్ మోడ్‌కు వెళ్దామంటే డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ తన రికవరీ కీ అడిగింది, 48 అంకెలు. కొత్త లాప్‌టాప్‌లలో డిస్కు లాక్ అయి వస్తుందని తనకు తెలియదు. ఫోన్‌లో తన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి వెతికితే కీ దొరికింది. తను ఆరేసి అంకెలు చదువుతుంటే నేను కొట్టాను. సేఫ్ మోడ్‌లో డివైస్ మేనేజర్ తెరిచి డ్రైవర్‌ను రోల్ బ్యాక్ చేస్తే, అంటే పాత వెర్షన్‌కు తిప్పితే, పది నిమిషాల్లో తెర వెలిగింది. ఆ 48 అంకెలు ఇప్పుడు తన డైరీలో ఒకచోట, నా పద్దుల పుస్తకం చివరి పేజీలో ఒకచోట ఉన్నాయి.