సాయంత్రం ఏడింటి కరెంటుకు ఏది మేలు: కొండమీద నీళ్లా, బ్యాటరీలా, రైతు మోటారా?

కొన్నేళ్ల కిందట నేనొక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌గా పనిచేశాను. ఒక్కో ఫీడర్ (ఊళ్లకు కరెంటు తీసుకెళ్లే లైను) ఎన్ని ఆంప్స్ లాగుతోందో గంటగంటకూ లాగ్ బుక్కులో రాయాలి. ఆ అంకెలు చూస్తే ఊళ్లో ఏం జరుగుతోందో తెలిసిపోయేది. ఆరింటికి లైట్లు, ఏడింటికి టీవీలు, మిక్సీలు, ఎండాకాలమైతే కూలర్లు. అమ్మీటర్ ముల్లు మెల్లగా పైకి పాకేది. సరిగ్గా అప్పుడే పై ఆఫీసు నుంచి ఫోన్ మోగేది: "ఈఎల్ఆర్ తీసుకోండి." ఈఎల్ఆర్ అంటే ఎమర్జెన్సీ లోడ్ రిలీఫ్. వాళ్లు చెప్పిన ఫీడర్ బ్రేకర్ ఆపేయాలి, ఆ ఊరంతా చీకటైపోతుంది. పదో తరగతి పరీక్షల రోజుల్లో ఒకసారి ఒక తల్లి ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. "ఎంతసేపు పడుతుంది బాబూ?" అని అడిగింది, అంతే. ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

ఇప్పుడు అలాంటి కోతలు బాగా తగ్గాయి. సాయంత్రం టెన్షన్ మాత్రం పోలేదు, ఇంకో రూపంలో వచ్చింది. పగలు సోలార్ కరెంటు పుష్కలంగా ఉంటోంది. కర్నూలు దగ్గర పాణ్యంలో 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లోనే వచ్చింది, ఆ తర్వాత రాయలసీమ అంతటా పలకలు పరుచుకున్నాయి. మిట్టమధ్యాహ్నం కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజీలో యూనిట్ ధర రెండు రూపాయల కిందికి దిగే రోజులున్నాయి. అదే రోజు పొద్దుగూకాక గరిష్ఠ పరిమితి 10 రూపాయలను తాకుతుంది. గ్రిడ్డులో కరెంటు దాచుకోవడానికి గాదె ఉండదు. వాడకం, ఉత్పత్తి ప్రతి క్షణం సరిపోవాలి. సరిపోకపోతే 50 హెర్ట్జ్‌ల దగ్గర నిలవాల్సిన ఫ్రీక్వెన్సీ అటో ఇటో జారుతుంది. మధ్యాహ్నం మిగిలిపోయిన కరెంటును సాయంత్రానికి ఎలా చేర్చాలన్నదే ఇప్పుడు ఏ రాష్ట్రానికైనా అసలు లెక్క.

బయట నుంచి కొనుక్కోవచ్చు కదా అంటారు కొందరు. 2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకటైంది, కొనడానికి దారి ఉంది. గుజరాత్‌లో మనకంటే అరగంటకు పైగా ఆలస్యంగా చీకటి పడుతుంది కాబట్టి ఆ కాసేపు కాస్త ఊరట. తర్వాత అందరికీ చీకటే, అందరికీ అదే కరెంటు కావాలి. కాబట్టి మన రాష్ట్రాల్లోనే చేయగలిగే మూడు దారులు చూద్దాం.

మొదటిది పంప్డ్ స్టోరేజీ. పైన ఒక చెరువు, కింద ఒక చెరువు. పగలు చవక కరెంటుతో నీళ్లు పైకి తోడి, సాయంత్రం అవే నీళ్లను టర్బైన్ల మీదుగా కిందికి వదలాలి. వంద యూనిట్లు పెడితే 75 నుంచి 80 దాకా తిరిగొస్తాయి. చెప్పుకోవడానికి తేలికే కానీ దానికెన్ని నీళ్లు కావాలో చాలామందికి తెలియదు. ట్రాక్టర్ వెనక వచ్చే 5000 లీటర్ల ట్యాంకర్ ఊహించుకోండి. ఆ నీళ్లన్నీ వంద మీటర్ల ఎత్తు నుంచి దిగితే పుట్టేది యూనిట్టుంపావు కూడా కాదు. ఒక ఇంటి ఏసీ గంటసేపు నడవడానికి దాదాపు ఒక ట్యాంకర్. అందుకే ఈ పద్ధతికి కొండ, లోయ, పెద్ద జలాశయం మూడూ ఒకచోట కలిసిరావాలి.

మన దగ్గర ఇది కొత్త సంగతి కాదు. నాగార్జునసాగర్‌లో ఏడు యంత్రాలు, ఒక్కోటి 100.8 మెగావాట్లు, నీళ్లు వెనక్కి తోడగలిగేలా నాలుగు దశాబ్దాల కిందటే పెట్టారు. అయితే తోడాలంటే కింద నీళ్లు నిలిచి ఉండాలి. దిగువన ఆ నీళ్లు ఆపే టెయిల్‌పాండ్ ఆనకట్ట పూర్తవడానికి దశాబ్దాలు పట్టింది. అన్నాళ్లూ ఆ యంత్రాలు సగం పనికే పరిమితమయ్యాయి. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్లవి ఆరున్నాయి, అవీ వెనక్కి తోడగలవే. కాకపోతే కృష్ణా నీళ్లంటే రెండు రాష్ట్రాల పంచాయితీ. 2021 వానాకాలం మొదట్లో శ్రీశైలం, సాగర్‌ల దగ్గర కరెంటు ఉత్పత్తి మీద వచ్చిన తగాదాలో ఆనకట్టల మీద పోలీసులను మోహరించాల్సి వచ్చింది. తాగునీరు, సాగునీరు, కరెంటు మూడూ ఒకే జలాశయం మీద ఆధారపడితే గ్రిడ్డుకు కావలసిన వేళ నీళ్లు దొరుకుతాయన్న భరోసా ఉండదు.

ఈ చిక్కును తప్పించే మార్గం నదికి దూరంగా కట్టడం. కర్నూలు, నంద్యాల జిల్లాల సరిహద్దులో పిన్నాపురం దగ్గర గ్రీన్‌కో చేపట్టిన 1680 మెగావాట్ల ప్రాజెక్టు అలాంటిదే. ఒకసారి గోరకల్లు జలాశయం నుంచి నీళ్లు నింపుకుంటే, తర్వాత అవే నీళ్లు పైకీ కిందికీ తిరుగుతాయి. ఆవిరైపోయినంత మేరకే మళ్లీ పోసుకోవాలి. ఆరు గంటలు పూర్తిగా నడిస్తే కోటి యూనిట్లు. ఇంత పెద్ద నిల్వ ఒకేచోట ఇవ్వగలిగేది ప్రస్తుతానికి ఈ పద్ధతి ఒక్కటే. యంత్రాలు 40 ఏళ్లకు పైగా పనిచేస్తాయి. తిరిగే బరువైన చక్రం గ్రిడ్డుకు స్థిరత్వం కూడా ఇస్తుంది.

అలాగని కొండ కనిపించిన ప్రతిచోటా కట్టేద్దామంటే నేను ఒప్పుకోను. అల్లూరి సీతారామరాజు జిల్లాలో ప్రతిపాదించిన పంప్డ్ స్టోరేజీల మీద గిరిజనులు నిరసనలు చేస్తున్నారు. అది ఐదో షెడ్యూల్ ప్రాంతం. పోడు భూమి, ఊట నీళ్లు, ఊరి శ్మశానం ఎవరివో వాళ్లను గ్రామసభలో కూర్చోబెట్టి అడగకుండా, మైదానంలో ఏసీలు నడవడం కోసం వాళ్ల కొండను తొలవడం న్యాయం కాదు.

రెండోది బ్యాటరీలు. నీళ్ల ట్యాంకర్‌తో పోల్చి చూడండి, ఒక యూనిట్ దాచడానికి ఏడెనిమిది కిలోల లిథియం బ్యాటరీ చాలు. కంటైనర్లలో వస్తాయి, సబ్‌స్టేషన్ ఆవరణలోనే దించుకోవచ్చు. నదులు, కొండలు అక్కర్లేదు, కొత్త లైను వేయాల్సిన పనీ చాలాసార్లు ఉండదు. పంప్డ్ స్టోరేజీకి ఏళ్లు పడితే బ్యాటరీలకు నెలలు చాలు. ఆస్ట్రేలియాలోని దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రం 2016 సెప్టెంబర్‌లో తుపాను దెబ్బకు మొత్తం చీకటైపోయింది. మరుసటి ఏడాది డిసెంబర్‌కల్లా హార్న్స్‌డేల్‌లో 100 మెగావాట్ల బ్యాటరీ పనిచేయడం మొదలుపెట్టింది. ఫ్రీక్వెన్సీ పడిపోతుంటే సెకనులోపే అందుకోగలగడం దాని గొప్పతనం. నీటి యంత్రం నిలిచిన స్థితి నుంచి లేచి లోడ్ ఎత్తుకోవడానికి నిమిషాలు కావాలి.

ఇక ఖర్చు. 2022లో కేంద్ర ప్రభుత్వ సోలార్ సంస్థ సెకి వేలంలో రెండు గంటల బ్యాటరీకి మెగావాట్‌కు నెలకు 10.8 లక్షల రూపాయల అద్దె పలికింది. 2024 చివరికి రాజస్థాన్ వేలంలో, కేంద్రం ఇచ్చే సాయం కూడా కలుపుకుని, అది 2.2 లక్షలకు దిగింది. దీన్ని యూనిట్లలోకి మార్చి చూద్దాం. రోజుకు ఒకసారి నింపి ఖాళీ చేస్తే నెలకు 60 వేల యూనిట్లు. అప్పుడు దాచిన కూలి యూనిట్‌కు పాత ధరలో 18 రూపాయలు, కొత్త ధరలో మూడు రూపాయల 70 పైసల లోపే. రోజుకు రెండుసార్లు తిప్పితే అందులో సగం. దానికి మధ్యాహ్నం సోలార్ ధర, దారిలో పోయే పదిహేను శాతం కలుపుకున్నా సాయంత్రం ఎక్స్ఛేంజీలో పది రూపాయలు పెట్టడం కంటే మేలే. నాలుగేళ్ల కిందట బ్యాటరీలు ఖరీదైన ఆటబొమ్మలని వాదించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఈ లెక్క చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

అయితే వీటి ఆయుష్షు పన్నెండు, పదిహేనేళ్లు, ఏటేటా కొంత శక్తి తగ్గుతుంది. ఎక్కువగా దిగుమతి సరుకే. రెండు, నాలుగు గంటల పనికి బాగుంటాయి. ముసురు పట్టి మూడు రోజులు ఎండ రాకపోతే ఆదుకోవు. అగ్ని భయం కూడా ఉంది. 2025 జనవరిలో కాలిఫోర్నియాలోని మాస్ ల్యాండింగ్ బ్యాటరీ కేంద్రం తగలబడి చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించారు. నీటి విద్యుత్తులో ప్రమాదం ఉండదని కాదు. 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు రేగి తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. దేన్ని ఎంచుకున్నా కాపలా, శిక్షణ, బయటపడే దారి ముందే చూసుకోవాలి.

మూడో దారిని ఈ చర్చల్లో ఎవరూ నిల్వ అని పిలవరు. నాకు మాత్రం అదే అన్నిటికంటే ముందు చేయాల్సిందనిపిస్తుంది. అది వ్యవసాయ మోటార్లను పూర్తిగా పగటి ఎండలోకి తేవడం.

మా ఇంట్లో మూడెకరాల వరి ఉండేది. అప్పట్లో వ్యవసాయ ఫీడర్లను గ్రూపులుగా విడగొట్టి వంతులవారీగా త్రీఫేజ్ ఇచ్చేవారు. మా వంతు రాత్రి రెండింటికి పడితే నాన్న టార్చిలైటు, కర్ర పట్టుకుని గట్టు మీద నడుచుకుంటూ వెళ్లేవాడు. పాముల భయానికి, తడిచేత్తో స్టార్టర్ ముట్టుకుంటాడేమోనన్న భయానికి ఆయన తిరిగొచ్చేదాకా అమ్మ కన్ను మూసేది కాదు. ఆ బాధ పడలేక అందరిలాగే మేమూ ఆటోస్టార్టర్ బిగించుకున్నాం. కరెంటు రాగానే మోటారు దానంతటదే తిరుగుతుంది. మడి నిండిందో లేదో దానికేం తెలుసు? గట్టు తెగి నీళ్లు డొంకలో పారినా తిరుగుతూనే ఉండేది.

తర్వాత సబ్‌స్టేషన్‌లో చేరాక అదే ఆటోస్టార్టర్ రెండో ముఖం చూశాను. వ్యవసాయ ఫీడర్ ఛార్జ్ చేయగానే ఆ లైను మీద ఉన్న మోటార్లన్నీ ఒకేసారి లేచేవి. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ముల్లు చివరిదాకా కొట్టుకుని బ్రేకర్ ట్రిప్పయ్యేది. ఒక్కోసారి చివర ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది. ఇంక అది బాగయ్యి వచ్చేదాకా రైతు పైరు ఎండాల్సిందే.

ఒక 5 హెచ్‌పీ మోటారు 3.7 కిలోవాట్లు లాగుతుంది. లక్ష మోటార్లు ఒకేసారి తిరిగితే 370 మెగావాట్లు. శ్రీశైలం ఎడమగట్టున రెండున్నర యంత్రాలు ఇచ్చేంత. రెండు రాష్ట్రాల్లోనూ పంపుసెట్లు లక్షల్లో ఉన్నాయి. వాటిలో ఒక్క లక్షను సాయంత్రం నుంచి మధ్యాహ్నానికి జరిపితే ఆ మేరకు కొత్త బ్యాటరీ, కొత్త జలాశయం అవసరమే పడదు. నిల్వ నష్టం కూడా సున్నా. వరి మడికి నీళ్లు మధ్యాహ్నం పెట్టినా రాత్రి పెట్టినా ఒకటే. పరీక్షకు చదువుకునే పిల్లకు లైటు మాత్రం సాయంత్రమే వెలగాలి.

ఇక్కడ మన రెండు రాష్ట్రాలు రెండు రకాలుగా వెళ్లాయి. తెలంగాణ 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటలూ ఉచిత కరెంటు ఇచ్చింది. అర్ధరాత్రి పొలానికి పరుగెత్తే బాధ దాంతో పోయింది, ఆ మేలును ఏ రైతూ మరచిపోడు. ఆటోస్టార్టర్లు తీసేయమని ఊరూరా ప్రచారం కూడా చేశారు. అయినా ఎప్పుడైనా వాడుకోవచ్చన్నప్పుడు ఎవరెప్పుడు మోటారు వేస్తారో గ్రిడ్ నడిపేవాళ్ల చేతిలో ఉండదు. ఆంధ్రప్రదేశ్ పగటిపూట 9 గంటలు పద్ధతికి వెళ్లింది. రైతు నిద్రకూ గ్రిడ్ లెక్కకూ రెండింటికీ సరిపోయేది ఇదేనని నా అభిప్రాయం. తొమ్మిది గంటలు నిజంగా తొమ్మిది గంటలుగా, సరైన వోల్టేజీతో రావాలి. రాకపోతే ఆటోస్టార్టర్ మళ్లీ గోడెక్కుతుంది.

దీన్ని ఇంకో మెట్టు ఎక్కించేది ఫీడర్ సోలార్. సబ్‌స్టేషన్ పక్కనే కొన్ని ఎకరాల్లో పలకలు వేసి, ఆ ఊరి మోటార్లకు ఆ కరెంటే ఇస్తారు. కేంద్రం 2019లో మొదలుపెట్టిన కుసుమ్ పథకంలో దీనికి చోటుంది, మహారాష్ట్ర అంతకుముందే 2017లో ఇలాంటి పథకం తెచ్చింది. దూరం నుంచి లైన్ల మీద రావాల్సిన కరెంటు ఊళ్లోనే పుడుతుంది కాబట్టి లైన్ లాస్ తగ్గుతుంది. ఒక్కో రైతుకు విడిగా సోలార్ పంపు ఇవ్వడం కంటే ఇదే మేలనుకుంటాను. కోతల తర్వాత మోటార్లు ఆగిపోయిన నెలల్లో ఆ కరెంటు ఊరి ఇళ్లకు, మిల్లులకు పోతుంది. పొలంలో ఒంటరిగా ఉన్న పలక మాత్రం ఖాళీగా ఎండలో నిలబడుతుంది.

నన్ను ఎంచుకోమంటే వరుస ఇలా పెడతాను. ముందు వ్యవసాయ ఫీడర్లను ఇళ్ల ఫీడర్ల నుంచి పూర్తిగా విడదీసి మోటార్లను పగటికి తేవాలి. ఆ తర్వాత హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల, సాయంత్రం లోడ్ ఉవ్వెత్తున లేచే సబ్‌స్టేషన్ల దగ్గర బ్యాటరీలు దించాలి. పంప్డ్ స్టోరేజీలో సాగర్, శ్రీశైలంలో ఉన్న యంత్రాలను రెండు రాష్ట్రాలూ ఒక ఒప్పందంతో నిండుగా వాడుకోవాలి. కొత్తవి నదికి దూరంగా, ఊరు ఒప్పుకున్న చోట, ఆరు గంటలకు మించిన అవసరాల కోసం కట్టాలి. ఒక్క బ్యాటరీలతోనే అయిపోతుందన్న మాటను మాత్రం నేను నమ్మను. వానాకాలపు ముసురులో, గాలి కూడా పడిపోయిన రాత్రుల్లో ఇంకా చాలా ఏళ్లు రామగుండం, విజయవాడ దగ్గరి ఎన్టీటీపీఎస్ బొగ్గు యూనిట్లే ఆధారం.

నా మూడో దారిలో నన్ను నిజంగా వెనక్కి లాగేది ఒక్కటుంది, భూగర్భజలం. పగలు ఉచితంగా, పుష్కలంగా కరెంటు వస్తే అనంతపురం లాంటి చోట బోర్లు ఇంకా లోతుకు పోతాయి. పంజాబ్‌లో 2018లో ఒక ప్రయత్నం చేశారు. రైతుకు ఇంత కరెంటని లెక్కకట్టి, అందులో వాడకుండా మిగిల్చిన ప్రతి యూనిట్‌కు 4 రూపాయలు రైతు ఖాతాలో వేయడం. మోటారుకు మీటరు అనగానే మన దగ్గర రైతులు భయపడతారు, రేపు బిల్లు వస్తుందని. ఆ భయానికి కారణం ఉంది. అందుకే మీటరుతో పాటే డబ్బు కూడా మొదటి నెల నుంచే రైతు చేతికి రావాలి. అనంతపురంలో ఏదో ఒక్క ఫీడర్ మీద, వేరుశనగ వేసే ఒక్క ఊళ్లో, రెండు పంటకాలాల పాటు ఇది చేసి చూడాలని నా కోరిక.