ఉద్యోగం వైట్‌ఫీల్డ్‌లో, తోట మదనపల్లె దగ్గర: రెండింటికీ ఒకే పికప్

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ సరిహద్దు అవతల మామిడి తోటో, నాలుగెకరాల మడో చూసుకునేవాళ్ళు మన తెలుగువాళ్ళలో చాలామందే ఉన్నారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి. ఆఫీసుకూ తోటకూ ఒకే బండి ఉండాలని ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ తీసుకున్నాను. 1.9 లీటర్ల డీజిల్, ఆటోమేటిక్ గేర్లు, ఫోర్ బై ఫోర్ (కావాలంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందుతుంది). కొన్నేళ్ళుగా రోజూ నడిపేది ఇదే. ఈ బండంటే నాకు చాలా ఇష్టం. అయినా అందరినీ కొనమని చెప్పను.

వెనక తొట్టిలో వేసుకోవడానికి మీకు నిజంగా సామాను ఉందా? ముందు తేల్చుకోవాల్సింది ఇది. డ్రిప్పు పైపులు, బోరు మోటారు, ఎరువు బస్తాలు, కాపు రోజుల్లో బేనీషా మామిడి క్రేట్లు నాకు ఎప్పుడూ ఉండేవే. ఇవేవీ లేకుండా కొండదారుల సరదా కోసమే అయితే థార్, స్కార్పియో-ఎన్ లాంటి ఫోర్ బై ఫోర్ చాలు. అవి ఊళ్ళో సులువుగా తిరుగుతాయి, పార్కింగ్‌లో పడతాయి.

పార్కింగ్ సంగతి చిన్నదేమీ కాదు. ఈ బండి పొడవు దాదాపు 5.3 మీటర్లు. మన అపార్ట్‌మెంట్లలో ఒక కారుకు ఇచ్చే చోటు సాధారణంగా 5 మీటర్లే. మా బేస్‌మెంట్‌లో వెనక బంపరు గోడదాకా ఆనించినా ముక్కు గీత దాటే ఉంటుంది. పక్క ఫ్లాట్ వాళ్ళతో ముందే మాట్లాడుకుంటే గొడవ రాదు. యూ-టర్న్ చాలాచోట్ల ఒక్క తిప్పుడులో పూర్తి కాదు. టిన్ ఫ్యాక్టరీ దగ్గరి రద్దీలో మాత్రం ఎత్తుగా కూర్చుని నాలుగు బళ్ళ ముందుదాకా చూడగలగడం పెద్ద ఊరట. ఈ ఊరి ట్రాఫిక్‌కు ఆటోమేటిక్కే తీసుకోండి, దాని గురించి రెండో ఆలోచన అక్కర్లేదు.

వెనక సీటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇంట్లోవాళ్ళు కూర్చునేది అక్కడే. ఇలాంటి పికప్‌లలో వెనక కమాన్ పట్టీలు బరువు మోయడానికి పెట్టినవి. తొట్టి ఖాళీగా ఉంటే ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది. సీటు వీపు కూడా నిటారుగా ఉంటుంది, దాని వెనకే క్యాబిన్ గోడ కాబట్టి. మా అత్తయ్యకు చింతామణి దాకా బాగానే ఉంటుంది, ఆ తర్వాత ఆవిణ్ణి ముందు సీట్లోకి మారుస్తాం. తోట నుంచి క్రేట్లతో వస్తున్నప్పుడు అదే రోడ్డు మెత్తగా అనిపిస్తుంది! టైర్లలో గాలి ఖాళీ బండికి ఎంత, బరువుకు ఎంత అని కంపెనీ చెప్పిన లెక్క పాటిస్తే తేడా బాగా తెలుస్తుంది. ఇంకో మాట. తొట్టి పెద్దదిగా కనిపిస్తుంది కదా అని టన్ను వేసేయకూడదు. సొంత వాడకానికి రిజిస్టరయ్యే ఈ డబుల్ క్యాబ్‌లకు అనుమతించిన బరువు చాలామంది అనుకునేదానికంటే బాగా తక్కువ. కొనేముందే ఆ అంకె అడగండి.

ఇక తోట దారి. మాకు అసలు పరీక్ష వాన పడ్డాక వచ్చే ఎర్రమట్టి, వంకలో ఇసుక, దాని తర్వాతి మిట్ట. ఖాళీ పికప్‌లో బరువు ఎక్కువగా ముందువైపు ఉంటుంది, మామూలుగా ఇంజన్ తిప్పేది వెనక చక్రాలను. అందుకే తడి గడ్డి మీద కూడా అవి ఉత్తినే తిరిగేస్తాయి. తోట కోసం కొంటూ డబ్బు మిగులుతుందని టూ వీల్ డ్రైవ్ తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. ఫోర్ హై, అంటే నాలుగు చక్రాలూ మామూలు వేగంలో తిరిగే గేరు, బండి కదులుతుండగానే పడుతుంది. నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే ఫోర్ లోకు బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి మార్చాలి. మిట్ట దిగేటప్పుడు ఫోర్ లోలో ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మీద కాలు పెద్దగా పెట్టక్కర్లేదు. కానీ వంక దాటి తారు ఎక్కగానే వెనక చక్రాలే లాగే టూ హైకి వచ్చేయాలి. ఈ రకం ఫోర్ బై ఫోర్‌లో ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య వాటిని వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో అవి వేర్వేరు దూరాలు తిరగాలి, పొడి రోడ్డు మీద జారే వీలు లేక ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది.

ఇసుకలో నన్ను ఎక్కువగా ఆదుకున్నది గాలి తగ్గించడమే. 20 పీఎస్ఐ దాకా దించితే టైరు వెడల్పుగా పరుచుకుంటుంది. మళ్ళీ నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ బండిలోనే ఉంచుతాను. బండితో వచ్చిన టైర్లు అరిగాక రోడ్డుకూ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లు వేయించాను. హైవేలో కాస్త హోరు పెరిగింది, మట్టిలో పట్టు కూడా పెరిగింది. మా దారికి ఆ బేరం నాకు సమ్మతమే.

టొయోటా హైలక్స్ కూడా చూశాను. 2.8 లీటర్ల ఇంజన్, 204 హార్స్‌పవర్, ఆటోమేటిక్‌లో 500 న్యూటన్ మీటర్ల టార్క్, వెనక రెండు చక్రాలనూ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్. వీ-క్రాస్‌కు 163 హార్స్‌పవర్, 360 న్యూటన్ మీటర్లు. రోడ్డు లేని దారులే ముఖ్యమైతే హైలక్స్ మెరుగు, అందులో సందేహం లేదు. ధరలో లక్షల తేడా ఉంది. మా తోట దారికి అంత బలం అవసరం పడలేదు. వీ-క్రాస్ శ్రీసిటీలో తయారవుతుంది, మనవైపు బండి అనే అభిమానం కూడా నాకు ఉంది.

మైలేజీ ఊళ్ళో తొమ్మిది, పది. హోస్కోటె దాటాక పన్నెండు పైన. బీఎస్-6 డీజిల్‌లో మసి పట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిప్పితే అది తనను తాను శుభ్రం చేసుకునే వేడి అందదు. నాకు మదనపల్లె ప్రయాణాలు ఉన్నాయి కాబట్టి ఆ టెన్షన్ లేదు. ఊరు దాటని వాళ్ళు మాత్రం ఆలోచించాలి.

తొట్టి మీద మూత బయట షాపులో వేయిస్తే మొదటి వానకే కారి యూరియా తడిసింది. వేయించాక షాపు దగ్గరే పైపుతో నీళ్ళు కొట్టించి చూసుకోండి. బండి ముందు బిగించే ఇనుప గార్డు జోలికి మాత్రం పోవద్దు, 2017 నుంచే నిషేధం. తోట ఆంధ్రలో ఉంది కదా అని అక్కడ రిజిస్ట్రేషన్ చేయించినా, ఇక్కడ 12 నెలలు దాటి ఉంచితే కర్ణాటక నంబరుకు మార్చాల్సిందే.

టెస్ట్ డ్రైవ్‌కు ఇంట్లో పెద్దవాళ్ళను తీసుకెళ్ళి వెనక కూర్చోబెట్టండి. షోరూమ్ చుట్టూ కాకుండా మీ బేస్‌మెంట్ ర్యాంపు దాకా నడిపి, మీ గీతల మధ్య ఒకసారి పెట్టి చూడండి.