ఔలీ మంచులో పర్లాకిమిడి మాట

ఉత్తరాఖండ్ కొండల్లోని ఔలీలో మంచు మీద జారే స్కీ సామాను అద్దెకి తీసుకునేవాళ్ళెవరైనా సరే, బూట్లు కాలికి ఎక్కించే ముందు నాలుగు వైపులా ఫోన్లో ఫోటోలు తీసుకోండి. పక్కన దుకాణంవాడి మొహం కూడా పడితే మరీ మంచిది. ఆ పని చెయ్యనందుకు మాకు రూ.1,200 వదిలింది. ఇంటికొచ్చి మూడు వారాలైనా ఆ మంట ఆరలేదు.

మాది రాయగడ. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు సరిహద్దు గీతకి ఇటు పడ్డ తెలుగువాళ్ళం. మంచంటే మాకు జనవరి తెల్లవారుజామున కొండల మీద కమ్ముకునే పొగమంచే. నాకు నలభై ఆరేళ్ళు, మా ఆయనకి యాభై రెండు. ఈ స్కీయింగ్ పిచ్చి మాది కాదు, మా ఆడపడుచు కూతురిది. డిగ్రీ ఫస్టు క్లాసులో పాసైతే అడిగింది ఇస్తానని మాటిచ్చింది ఈయనే. అది బంగారం అడుగుతుందనుకున్నారు, ఔలీ అడిగింది.

సమతా ఎక్స్‌ప్రెస్ మా రాయగడ మీదుగానే ఢిల్లీ నిజాముద్దీన్ వెళ్తుంది. థర్డ్ ఏసీ మనిషికి రెండు వేల చిల్లర. రైలు, ఢిల్లీ, హరిద్వార్ సాఫీగా గడిచిపోయాయి. హరిద్వార్ నుంచి జోషీమఠ్ దాదాపు 275 కిలోమీటర్లు. తెల్లారకముందు బస్సెక్కితే చీకటిపడే వేళకి దిగాం, టికెట్ రూ.560. దేవప్రయాగలో భాగీరథి, అలకనంద కలిసేచోట రెండు నీళ్ళ రంగులూ వేరువేరుగా కనిపిస్తాయి. మేనకోడలికి చూపిద్దామని ఈయన తిరిగేసరికి అది అప్పటికే కవర్లో తల దూర్చేసింది. మలుపుల రోడ్డు, మాత్ర వేసుకోవే అంటే వింటేనా.

ఇక బస సంగతి. ఔలీ వెళ్ళే దారిలో రాత్రికి రూ.3,800 చొప్పున మూడు రాత్రులు ముందే కట్టేశాం. కిటికీలోంచి నందాదేవి, గీజరు, రోప్‌వే టికెట్లతో సహా, అని ఫోన్లో హోటలువాడు ఎంత తియ్యగా చెప్పాడో! కిటికీ తెరిస్తే కనబడింది జనరేటరు. గీజరుంది గానీ పైపులో నీళ్ళు గడ్డకట్టాయట, వేడినీళ్ళు బకెట్టు రూ.60. రూములో హీటరు పెడితే రాత్రికి ఇంకో రూ.500. రోప్‌వే సంగతి మరీ ఘోరం. జోషీమఠ్ నుంచి ఔలీకి నాలుగు కిలోమీటర్ల రోప్‌వే ఉన్నమాట నిజమే. కానీ 2023 జనవరిలో జోషీమఠ్‌లో నేల కుంగి ఇళ్ళు బీటలు వారినప్పుడు దాన్ని ఆపేశారు, మేం వెళ్ళేసరికీ తెరవలేదు. మరి టికెట్లన్నారు కదా అని నిలదీస్తే, ‘రోప్‌వే ఉంది కదా, నడవట్లేదంతే’ అన్నాడు. ఆ మాటకి మా ఆయనకి కోపం రావడం మానేసి నవ్వొచ్చింది. మొత్తం ప్రయాణంలో ఆయన నవ్విన మొదటిసారి అదే. నా మాట విని జోషీమఠ్ ఊళ్ళోనే దిగండి. అక్కడ రూ.1,500కి శుభ్రమైన గది దొరుకుతుంది, పైకి షేరు జీపులున్నాయి, మనిషికి రూ.150.

ఆయన మనసు కుదుటపడింది మాత్రం జోషీమఠ్ నరసింహస్వామి గుడిలో. బదరీనాథ్ మూసేసిన చలికాలమంతా అక్కడి స్వామికి పూజలు ఇక్కడే. ఈ నరసింహుడి చెయ్యి ఏటేటా సన్నబడుతుందనీ, అది విరిగిన నాడు బదరీ దారి మూసుకుపోతుందనీ ఆ ఊరివాళ్ళ నమ్మకం. ఇంటిల్లిపాదీ సింహాద్రి అప్పన్న మొక్కులతో పెరిగినవాళ్ళం, ఇంతదూరంలో ఆ స్వామే ఎదురొచ్చాడని ఈయన గంటసేపు కదల్లేదు.

మర్నాడు స్కీ దుకాణం. సెట్టు రోజుకి రూ.800, నేర్పే కుర్రాడికి రెండు గంటలకి రూ.1,500. పిల్ల ఒక్కదానికే అనుకున్నాం. దుకాణంవాడు నా కాళ్ళవైపు చూసి, ఇద్దరు తీసుకుంటే వంద తగ్గిస్తానన్నాడు. వందకి ఆశపడి నేనూ స్కీ ఎక్కానని చెప్పుకోవడానికి సిగ్గేం లేదు. ఆ బూటు మన బూటులా వంగదు. గట్టి ప్లాస్టిక్కు, పైనుంచి కిందికి నాలుగు బిగింపులు, మడమ దగ్గర నొక్కితే టక్కుమని కింది స్కీ పలకకి పట్టుకుంటుంది. ముందు కొసలు దగ్గరగా, మడమలు దూరంగా పెట్టి బరువు లోపలి అంచుల మీద వేస్తే జోరు తగ్గుతుంది. స్కీ మీద మొదట నేర్పేది ఈ బ్రేకే. నేర్పే కుర్రాడు ‘పిజ్జా, పిజ్జా’ అని అరుస్తూంటే నాకు అర్థం కాక, ఇప్పుడు తిండి గొడవేంట్రా అనుకున్నాను. ముక్క ఆకారంలో కాళ్ళు పెట్టమనట.

రెండు గంటలు అయిపోయాయి, ఆ కుర్రాడు వేరేవాళ్ళ దగ్గరికి పోయాడు. నేను పదోసారో పన్నెండోసారో పడి లేవలేక, గట్టిగా ‘ఓలమ్మో’ అన్నాను. వెనకనుంచి వినబడింది: “అమ్మా, ఆ కర్రలు అలా పట్టుకోకండమ్మా, మణికట్టు పోద్ది. ముందు ఆ పలకలు అడ్డంగా తిప్పుకోండి.”

తెలుగు! అదీ మన తెలుగు. తిరిగి చూస్తే ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, జవాను. ఐటీబీపీ, అదే టిబెట్ సరిహద్దు కాసే దళం, వాళ్ళ పర్వతారోహణ, స్కీయింగ్ శిక్షణ సంస్థ ఔలీలోనే ఉంది, అక్కడికి నేర్చుకోడానికి వచ్చాడట. ఆ రోజు ఆదివారం, సెలవు.

“ఏ ఊరు బాబూ?”

“పర్లాకిమిడండి. మీదేటి?”

రాయగడ అన్నాను. వాడి మొహం చూడాలి! వాళ్ళ మేనత్తని మా జిల్లాలోని గుణుపూర్ ఇచ్చారట. ముందు నాకు లేవడం నేర్పాడు. పలకలు వాలుకి నిలువుగా ఉంటే లేస్తూనే జారిపోతాం, అందుకని పడ్డచోటే వాటిని వాలుకి అడ్డంగా తిప్పుకుని, పక్కకి చెయ్యి ఆనించి లేవాలి. “గట్టు మీద అడ్డంగా కూకున్నట్టు కూకోండమ్మా, అప్పుడు లెగండి,” అన్నాడు. డబ్బు పుచ్చుకున్నవాడు రెండు గంటల్లో చెప్పనిది వీడు రెండు మాటల్లో చెప్పాడు. వాళ్ళవైపు కొండ మహేంద్రగిరి 1,501 మీటర్లు, చిన్నప్పుడు దాన్ని మించిన కొండ లేదనుకునేవాడట. ఇక్కడ మేం నిలబడ్డదే 2,500 దాటిన చోట, ఎదురుగా నందాదేవి 7,816. “మా అమ్మకి ఫొటో పంపితే, ఆ ఎనకాలున్నది మబ్బా అనడిగింది,” అన్నాడు.

సంచిలో మినప సున్నుండలున్నాయి. ఒకటి ఇస్తే కొరకబోయి ఆగిపోయాడు. నెయ్యి గడ్డకట్టి రాయిలా ఉంది. గ్లవ్ తీసి, ఉండని గుప్పిట్లో మూసి, ఆ గుప్పిటని చంకలో పెట్టుకుని మాట్లాడుతూ నిలబడ్డాడు. గుణుపూర్ బండి కూత వినబడితే వాళ్ళమ్మ అన్నానికి పిలిచేదని, ఇక్కడ ఈల వినబడితే పరేడని చెప్పాడు. అయిదు నిమిషాలకి గుప్పిట తెరిస్తే అరచెయ్యంతా నెయ్యి. ముందు ఉండ తిని, తర్వాత చెయ్యి నాకాడు. డబ్బా మొత్తం ఇచ్చేశాను. పిల్ల సాయంత్రం నాతో మాట్లాడలేదు, ఆ సున్నుండలు దాని కోసం చేసినవి మరి.

ఆ వాలు పైనే ఒకావిడ పట్టా పరుచుకుని గ్లవ్స్, రబ్బరు బూట్లు అద్దెకిస్తుంది. బూట్ల జత రూ.100. నాకంటే ఓ ఏడాది పెద్దదేమో. జోషీమఠ్‌లో వాళ్ళిల్లు 2023లో బీటలిచ్చింది, గోడమీద ఎర్రరంగుతో గుర్తు పెట్టి ఖాళీ చేయించారు, ఇప్పుడు అద్దె గదిలో ఉంటున్నారు. ఇదంతా టీ పోస్తూ, ఎవరింటి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. మోకాళ్ళ నొప్పులకి దిగేటప్పుడు గంట పట్టేదట. కూతుళ్ళు స్కీల మీద పది నిమిషాల్లో దిగిపోతుంటే ఒళ్ళు మండి, నలభై ఒకటో ఏట తనూ నేర్చుకుంది. “ఏడు రోజులు పడ్డాను, ఊరంతా నవ్వింది, ఎనిమిదో రోజు వాళ్ళకి నవ్వడానికేం మిగల్లేదు.” అయిదు గంటలకి గ్లవ్స్ మూట వీపుకి కట్టి, శాలువా నడుముకి బిగించి, మాకు చెయ్యూపి జారిపోయింది. వాలు మలుపు తిరిగేదాకా మూటే కనబడింది. మా ఆయన, “బరువు వెనక ఉన్నా ఎలా తూగిందో,” అన్నారు. అక్కడే నాకు ధైర్యం వచ్చి, “ఊరెళ్ళాక నాకు స్కూటర్ నేర్పుతారా?” అనేశాను. కొండ రోడ్లు, నీకెందుకు అని పదేళ్ళుగా దాటవేస్తున్న మాట అది. ఈసారి జవాబు చెప్పలేదు, కాదని కూడా అనలేదు.

దిగొచ్చి సామాను తిరిగిస్తే దుకాణంవాడు పలక అంచున గీత చూపించి రూ.2,000 అన్నాడు. ఆ గీతలో తుప్పు పట్టి ఉంది, ఒక్కపూటలో ఎక్కడైనా తుప్పు పడుతుందా? అరగంట వాదిస్తే రూ.1,200కి దిగాడు. పూచీగా ఉంచిన ఆధార్ కార్డు వాడి దగ్గరే ఉంది, ఏం చేస్తాం. నిజంగా నేర్చుకోవాలనుకుంటే ఈ దుకాణాల జోలికి పోకండి. ప్రభుత్వ పర్యాటక సంస్థ గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ ఏడు రోజులకీ, పద్నాలుగు రోజులకీ కోర్సులు నడుపుతుంది, చలికాలం రాకముందే కనుక్కుని పేరు రాయించుకోండి.

తిరుగు ప్రయాణంలో విశేషం లేదు. పిల్ల మాత్ర వేసుకుంది.

మొన్న ఆదివారం స్టేడియం పక్క ఖాళీ జాగాలో మా ఆయన నన్ను స్కూటర్ ఎక్కించారు. రెండు చుట్లు బాగానే తిప్పాను. మూడో చుట్టులో ఆవు అడ్డొచ్చింది. చెయ్యి బ్రేకు నొక్కాల్సినచోట రెండు కాళ్ళూ చాపి, మడమలు బయటికి తోశాను. ఆవే తప్పుకుంది. చెప్పొకటి వెనక ఉండిపోతే మా ఆయన తెచ్చిచ్చారు, నవ్వుతూనే.