స్టీల్ జాయిస్టుల కంపెనీ: గాలి లెక్క బాగా విన్నారు, ఏసీ బరువు వినలేదు

డాలస్ దగ్గర ఒక గోడౌన్ పైకప్పుకి జాయిస్టులు (కప్పుని మోసే, స్టీల్ కడ్డీలతో అల్లిన దూలాలు) ఈ కంపెనీ దగ్గరే తీసుకున్నాం. స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని నేనే. జాయిస్టులో ఏ కడ్డీ ఎంత లావుండాలో వాళ్లే లెక్క కడతారు. దాని మీద ఎంత బరువు, ఎక్కడ పడుతుందో చెప్పాల్సింది మనం.

మామూలు లోడ్లకి ఏ పేచీ లేదు. ఐదడుగులకో జాయిస్టు, చదరపు అడుగుకి డెడ్ లోడ్ (కప్పు సొంత బరువు) 20 పౌండ్లు, లైవ్ లోడ్ (మనుషులు, సామాను లాంటి వచ్చిపోయే బరువు) 20. డ్రాయింగ్ మీద 24కె 200/100 అని రాస్తే సరిపోయింది: 24 అంగుళాల లోతు, అడుగు పొడవుకి మొత్తం 200 పౌండ్లు, అందులో లైవ్ 100.

నాకు నచ్చింది అప్‌లిఫ్ట్ విషయంలో వాళ్ల పట్టుదల. గాలి కప్పుని పైకి లాగితే జాయిస్టు కింది కార్డ్ (అడుగున పొడవునా ఉండే కడ్డీ) కంప్రెషన్‌లో, అంటే నొక్కుడులో పడుతుంది, బ్రిడ్జింగ్ (జాయిస్టులని ఒకదానికొకటి కట్టే అడ్డ కడ్డీలు) చాలకపోతే పక్కకి వంగిపోతుంది. మూలల్లో ఎంత, అంచుల్లో ఎంత, మధ్యలో ఎంత అని ప్లాన్ గీసి, ‘నెట్, ఏఎస్‌డీ’ (డెడ్ లోడ్ పోగా మిగిలింది, అలవబుల్ స్ట్రెస్ డిజైన్ లెక్కలో) అని నోట్ కూడా పెట్టాను. అయినా వాళ్ల ఇంజనీర్ ఫోన్ చేసి, "ఈ అంకె డెడ్ లోడ్ తీసేశాకే కదండీ? గాలిని 0.6తో గుణించాకే కదా?" అని అడిగి, మెయిల్‌లో రాయించుకున్నారు. చాదస్తమే, కానీ నాకు ఇలాంటి చాదస్తమే కావాలి.

ఒళ్లు మండింది రూఫ్ మీది ఏసీ యూనిట్ దగ్గర. 2,400 పౌండ్లది. కొలతలతో సహా కొటేషన్ అప్పుడే సేల్స్ వాళ్లకి పంపాం, డిజైన్ వాళ్లకి అది చేరనే లేదు. వాళ్ల ఆన్‌లైన్ ఫారంలో పాయింట్ లోడ్‌కి (ఒకే చోట పడే బరువుకి) గడే లేదు మరి, ‘ఇతర వివరాలు’లో కుక్కాలి. అప్రూవల్ డ్రాయింగుల్లో (తయారీకి ముందు మన ఆమోదానికి వాళ్లు పంపేవి) ఆ జాయిస్టు కూడా పక్కవాటిలాగే కనిపించేసరికి పట్టుకున్నాం. లోడ్ డయాగ్రమ్ మళ్లీ పంపాక పేచీ లేకుండా మార్చారు కానీ, ఈలోగా కాంట్రాక్టర్ నాకు ఫోన్ల మీద ఫోన్లు.

యూనిట్ ఎక్కడ పెడతారో ఇంకా తేలకపోతే కేసీఎస్ జాయిస్టు (పొడవునా ఒకే బలం ఉండే రకం) అడగండి, ధర కాస్త ఎక్కువైనా. తేలితే మాత్రం మెయిల్‌ని నమ్ముకోకుండా బరువూ, జాయిస్టు చివర నుంచి దూరమూ స్ట్రక్చరల్ డ్రాయింగ్ మీదే వేయండి. బరువు ప్యానెల్ పాయింట్‌కి (లోపలి కడ్డీలు కార్డ్‌ని కలిసే చోటుకి) పక్కన పడితే సైట్‌లో అదనపు కడ్డీ వెల్డ్ చేయాల్సి వస్తుంది. మాకిచ్చిన కొటేషన్‌లో ఆ కడ్డీ లేదు.