జోటెరో: చదివింది చేజారిపోకుండా

పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్లు ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటారని అడిగితే నేను ముందు చెప్పే పేరు జోటెరో. చదివిన పేపర్లని ఒకచోట దాచి, రాసేటప్పుడు సైటేషన్లు (ఏ మాట ఏ పేపరులోదో చెప్పే సూచనలు), చివరి జాబితా తయారుచేసిపెట్టే సాఫ్ట్‌వేర్ ఇది. ఉచితం, ఓపెన్ సోర్స్. 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో చరిత్ర, న్యూ మీడియా కేంద్రం వాళ్లు దీన్ని ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌గా మొదలుపెట్టారు. ఇప్పుడు విండోస్, మాక్, లినక్స్ మూడింట్లోనూ విడిగా నడుస్తుంది.

చాలామంది దీన్ని థీసిస్ చివర్లో బిబ్లియోగ్రఫీ (వాడిన పేపర్ల జాబితా) కోసమే తెరుస్తారు. ఆ పని చక్కగానే చేస్తుంది. వర్డ్‌లో రచయితల పేర్లు చూపే ఏపీఏ సైటేషన్ స్టైల్ తీసేసి, అంకెలు చూపే వాంకూవర్ స్టైల్ పెడితే బ్రాకెట్లలోని పేర్లన్నీ అంకెలైపోతాయి, చివరి జాబితా దానంతటదే వరస మార్చుకుంటుంది. కానీ నా దృష్టిలో దీని అసలు ఉపయోగం మొదటి ఏడాదిలో, చదువుకునేటప్పుడే ఉంది.

నా అంశం భూగర్భజలాల్లో ఫ్లోరైడ్. తాగునీటిలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం. ఈ అంకె లేని పేపరు మా రంగంలో దాదాపు కనబడదు. చాలామంది మాత్రం మూలం చూడకుండా ఇంకో పేపరులోంచి ఎత్తి రాస్తారు. మా గైడ్ మేడమ్ ఈ విషయంలో చాలా పట్టుదల మనిషి. నా డ్రాఫ్టులో ఒక అంకె దగ్గర పెన్ను ఆపి, "ఇది వీళ్లు కొలిచిందేనామ్మా, లేక వేరేవాళ్లది చెప్తున్నారా?" అని అడిగారు. నేను అక్కడే లాప్‌టాప్‌లో జోటెరోలో ఆ పేపరు మీద ఉన్న నా నోటు తెరిచి, వాక్యం పక్కనున్న లింకు నొక్కాను. పీడీఎఫ్ సరిగ్గా ఆ పేజీలో, నేను పసుపు రంగు పూసిన లైను దగ్గర తెరుచుకుంది. వాళ్లు కొలిచిందే. మేడమ్ తలూపి తర్వాతి పేరాకి వెళ్లిపోయారు.

ఇది 2022లో వచ్చిన ఆరో వెర్షన్‌తో మొదలైన సదుపాయం. పీడీఎఫ్ జోటెరోలోనే చదువుతాం, నచ్చిన లైన్లకి రంగు పూస్తాం, పక్కన మన మాట రాసుకుంటాం. తర్వాత ఒక్క నొక్కుతో అవన్నీ ఒక నోటుగా వస్తాయి, ప్రతి వాక్యం వెంట రచయిత పేరు, పేజీ నంబరుతో సహా. ఆ నోటుని వర్డ్‌లోకి చేర్చినా సైటేషన్ వాక్యాన్ని వదలదు. నేను పసుపు వాళ్ల ఫలితాలకి, ఎరుపు నాకు ఒప్పుదల కాని వాదనలకి వాడతాను. చాప్టర్ రాయడానికి కూర్చున్నప్పుడు నాకు ముందు కావలసినవి ఆ ఎర్ర గీతలే, ఎందుకంటే నేను జవాబు చెప్పాల్సిందంతా అక్కడే ఉంటుంది.

ఇంకో మేలు గురించి తక్కువమందికి తెలుసు. మన దగ్గరున్న పేపరుని జర్నల్ ఉపసంహరించుకుంటే, ఉపసంహరించిన పేపర్లని నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్ ఆధారంగా జోటెరో ఎర్రపట్టీతో హెచ్చరిస్తుంది. ఏళ్ల తరబడి సాగే పనిలో ఇది ఎంత ధైర్యమో మాటల్లో చెప్పలేను.

లోపాలూ ఉన్నాయి. బ్రౌజర్‌లో పేపరు పేజీ తెరిచి జోటెరో బటన్ నొక్కితే ఆ పేపరు వివరాలు వాటంతటవే వస్తాయి గానీ, ఆ వెబ్‌సైటులో తప్పుంటే ఇక్కడా తప్పే. టైటిల్ అంతా పెద్దక్షరాల్లో రావడం, సంస్థ పేరు ఇంటిపేరు, సొంతపేరుగా విడిపోవడం మామూలే. చేర్చిన రోజే సరిచూసుకోవాలి. సబ్మిషన్ వారంలో ఆ పనికి ఎవరికీ ఓపిక ఉండదు. స్కాన్ చేసిన పాత రిపోర్టుల్లో అక్షరాలు గుర్తించే సదుపాయం ఇందులో లేదు, కాబట్టి లైన్లకి రంగు పూయలేం, బొమ్మలా కత్తిరించుకోవాలి. జోటెరో సర్వర్‌లో ఫైళ్లకి ఉచితంగా ఇచ్చేది 300 ఎంబీ, పీడీఎఫ్‌లతో అది తొందరగానే నిండుతుంది. అలాగని జోటెరో డేటా ఫోల్డర్‌ని డ్రాప్‌బాక్స్ లాంటి చోట పెట్టొద్దు, డేటాబేస్ పాడయ్యే ప్రమాదం ఉంది. జోటెరోని మూసేసి, ఆ ఫోల్డర్ మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసుకోవడం మేలు.

యూనివర్సిటీ లైసెన్సుతో దొరికే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. డిగ్రీ చేతికొచ్చాక లైసెన్సు ఉంటుందో లేదో ముందే కనుక్కోండి. జోటెరోకి ఆ బెంగ లేదు, కావాలంటే లైబ్రరీ మొత్తాన్ని బిబ్‌టెక్ (లేటెక్‌తో వాడే రిఫరెన్సుల ఫార్మాట్) ఫైలుగా బయటికి తీసుకోవచ్చు కూడా. వర్డ్ బదులు లేటెక్‌లో రాసేవాళ్లు బెటర్ బిబ్‌టెక్ ప్లగిన్ వేసుకుంటే మేలు.

చివరిగా ఒక జాగ్రత్త. థీసిస్ సబ్మిట్ చేసే ముందు సైటేషన్లని మామూలు టెక్స్టుగా మార్చే 'అన్‌లింక్' బటన్ నొక్కాల్సి వస్తే ఫైలు కాపీ మీదే నొక్కండి. ఎగ్జామినర్లు సవరణలు అడిగినప్పుడు లింకులున్న అసలు ఫైలే పనికొస్తుంది.